భద్రయ్య వద్దన్న బండి

పాత బండి కొనేవాళ్లకు మా బాపు భద్రయ్య మాట కోర్టు తీర్పు. బోయిగూడలో ముప్ఫై ఎనిమిదేళ్లు డీజిల్ ఇంజన్ల షెడ్డు నడిపిన మనిషి. ఎవరైనా బండి చూడ్డానికి తీసుకుపోతే చుట్టూ ఒక్కసారి తిరుగుతాడు. ఇంజన్ స్టార్ట్ చేయిస్తాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకొని, కళ్లు మూసుకొని వింటాడు. ఆ తర్వాత "తీస్కో" అంటాడు, లేదంటే "వద్దు" అంటాడు. ఎందుకని అడిగితే చెప్పడు. అమ్మేవాడు మొత్తుకున్నా, కొనేవాడు బతిమాలినా ఆ మాట మారదు. పోయిన ఎండాకాలమంతా ఆ మనిషి మా ఇంటికోసం బండి చూశాడు. వెంట నేను తిరిగాను. చిలకలగూడలో రక్తపరీక్షల సెంటర్‌లో బిల్లులు కొట్టేదాన్ని, బండ్ల గురించి నాకు తెలిసిందల్లా బస్సు ఎక్కడం, దిగడం. కానీ ఫోన్‌లో ప్రకటనలు వెతకడం బాపుకు రాదు. అందుకని నేను.

బండి ఎందుకో చెప్తాను. మా తమ్ముడు కిషన్ సెల్ టవర్లు ఎక్కి రిపేర్లు చేసేవాడు. చైత్ర పున్నమికి నలుగురు దోస్తులతో నల్లమలలో జాతరకు పోయాడు. లోయలోకి దిగేటప్పుడు జనంలో వెనకబడ్డాడు. దోస్తులు కింద సాయంత్రం దాకా కూర్చున్నారు, వాడు దిగలేదు. ఫారెస్టువాళ్లు, పోలీసులు పది రోజులు వెతికారు. పదకొండో రోజు అక్కడి పోలీసుల నుంచి ఫోన్ వచ్చింది, వాగులో ఒక శవం దొరికింది, వచ్చి చూసుకోమని. బాపు ఒక్కడే పోయాడు. నన్ను అమ్మ దగ్గర ఉండమన్నాడు. సాయంత్రం అమ్మ ఫోన్ చేస్తే, "కాదు, మనోడు కాదు" అన్నాడు.

మర్నాడు పొద్దున ఆయన బన్సీలాల్‌పేట్‌లో మా గల్లీ మలుపు తిరిగేసరికి మా అమ్మ విమలమ్మ కొబ్బరికాయ చేతిలో పట్టుకొని గడప మీదే ఉంది. కాయ కొట్టి, "ఏ తల్లి కన్న బిడ్డో పాపం" అని ఏడ్చింది. ఏడుస్తూనే ముక్కలు కోసి గల్లీ అంతా పంచింది. నేనూ తిన్నాను. భద్రయ్య కాదంటే కాదు. ఎవరి బండో అయితేనే తప్పు చెప్పనివాడు కన్నకొడుకు విషయంలో చెప్తాడా?

ఆనాటి నుంచి అమ్మకు ఏనుగంత బలం వచ్చింది. "టవర్లు ఎక్కేటోడు బండల మీద జారుతడా? నెత్తికి దెబ్బ తాకి యాది మర్చిండు. ఏ గూడెంలనో, ఎవల గుడిసెలనో పండుకొని ఉన్నడు. మనం పోయి తోల్కరావాలె" అని పట్టుపట్టింది. అద్దె జీపులో రెండుసార్లు పోయింది. రెండుసార్లూ తారు రోడ్డు అయిపోయిన చోట డ్రైవర్ బండి ఆపి, ఇక నావల్ల కాదమ్మా అన్నాడు. అడవి లోపలికి సొంత బండ్లు రానివ్వరని నేను చెప్పి చూశాను. "లోపటికి ఎవలు పోతరే? అంచుకు ఎన్ని గూడేలు లేవు? ఒక్కొక్క ఇంట్ల ఫోటో చూపిస్తా" అంది. ఎలాంటి బండి కావాలో కూడా ఆమెకు తెలుసు. రాళ్లూ బురదా లెక్కచేయకుండా ఎక్కే పికప్ బండ్ల వీడియోలు కిషన్ ఫోన్‌లో చూస్తూ, అమ్మకూ చూపించేవాడు. ముందు నలుగురు కూర్చోవచ్చు, వెనక ట్రాలీ ఉంటుంది, నాలుగు చక్రాలూ లాగుతాయి. మరీ పెద్దదైతే అడవి దారుల్లో పట్టదని వాడే చెప్పేవాడట.

"ఎనక తెరిచి ఉండాలెనయ్యా" అంది అమ్మ, బాపుకు అన్నం పెడుతూ. "పోరనికి కాలో నడుమో ఇరిగి ఉంటది. పండుకొని రావాలె గదా."

బాపు తింటున్న చెయ్యి కంచంలోనే కడుక్కొని లేచాడు. ఎండలకు తినబుద్ధి కాలేదేమో అనుకున్నాను. ఆలస్యం చేయడానికి లేదు. జూన్ దాటితే వాగులు పొంగుతాయి, బాటలు తెగుతాయి. వానలకు ముందే బండి కొనాలి, వానలకు ముందే పోవాలి.

మొదటి బండి బోయినపల్లిలో దయాకర్ అనే సేటు యార్డులో చూశాం. అద్దంలా మెరుస్తోంది. సీట్లకు కొత్త కవర్లు, లోపల మల్లెపూల సెంటు. దయాకర్ బాపును చూడగానే కుర్చీలోంచి లేచాడు.

"ఉస్తాద్, నువ్వు వస్తున్నవంటే బండి బయటికే తీయకపోతుంటి" అని నవ్వాడు. "కానీ ఇది చూడు. సింగిల్ ఓనర్. ఫార్మ్‌హౌస్‌కు పోయి వచ్చుడు తప్ప ఏం తెల్వది దీనికి."

బాపు డ్రైవర్ సీటు కిందికి చెయ్యి పోనిచ్చాడు. సీటు జరిగే పట్టా సందులో గోటితో గీకి, ఆ వేలు తెచ్చి దయాకర్ బల్ల మీద తెల్ల కాగితంపై రుద్దాడు. సన్నటి నల్ల మట్టి. "వద్దు" అన్నాడు.

"అది ఫార్మ్‌హౌస్ మట్టి ఉస్తాద్!"

నేను కాగితం వాసన చూశాను. "అన్నా, మీ ఫార్మ్‌హౌస్ మూసీల ఉందా ఏంది?" అన్నాను. దయాకర్ ఒక్క నిమిషం గింజుకొని, తర్వాత సిగ్గు లేకుండా నవ్వేశాడు. వరదలో మునిగిన బండి. బయటికొచ్చాక నేను కూడా నవ్వాను. తమ్ముడు కనపడకుండా పోయినప్పటి నుంచి అదే మొదటిసారి నవ్వడం. బాపు ఉన్నాడు, మనల్ని ఎవడూ మోసం చేయలేడు అని ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యం ఎక్కువ రోజులు లేదు. సైనిక్‌పురిలో తెల్ల బండి చూశాం, వద్దు. ఉప్పల్ అవతల ఇంకొకటి, వద్దు. మేడ్చల్ దగ్గర కోళ్లఫారం ఆయన దగ్గర ఒకటి చూశాం. నాలుగు చక్రాలూ లాగేలా చేసే చిన్న లివర్ కాస్త మొరాయిస్తోంది. అంతకు మించి ఏమీ లేదు. అలాంటివి షెడ్డులో అరగంటలో చేసి ఇచ్చేవాడు, నా కళ్లతో చూశాను. దానికీ వద్దే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, ఒక ఆదివారం కాదు, మూడు ఆదివారాలు. ఆదివారాలు చాలక పెట్టిన నా లీవులు కూడా అయిపోయాయి. మండుటెండలో రెండేసి బస్సులు మారి పోవడం, ఆయన రెండు నిమిషాలు చూసి తలకాయ తిప్పడం, మళ్లీ రెండు బస్సులు.

"బాపు, మనం పిల్లనిచ్చే సంబంధం చూస్తున్నమా, బండి చూస్తున్నమా?" అని బస్సులోనే అరిచాను. జనం చూశారు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఇంట్లో అమ్మ బొంత కుట్టడం మొదలుపెట్టింది. బండి వెనక ట్రాలీ ఎంత పొడుగుంటుందో, ఎంత వెడల్పుంటుందో నన్ను ఫోన్‌లో చూడమని, జానలతో కొలిచి, పాత చీరలు పరిచి కుట్టింది. లోపల కిషన్ పాత లుంగీలు కూడా వేసింది. మెత్తగా ఉండాలట, గుంతల్లో ఎగిరినప్పుడు వాడికి తగలకూడదట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని నోరు జారాను. అమ్మ సూది ఆపి నా మొహంలోకి చూసింది. నా నోరు పడిపోను, ఎందుకన్నానో ఆ మాట.

తిరుమలగిరిలో జెరెమియా గారి బండి మే నెల మూడో వారంలో చూశాం. డెబ్బై ఏళ్లుంటాయి ఆయనకు. బడిలో భూగోళం చెప్పి రిటైరయ్యాడట. భీమవరం వైపు నుంచి వచ్చి యాభై ఏళ్లయినా మాట మాత్రం మారలేదు. గుడ్డ కప్పి పెట్టిన బండిని, నిద్రపోతున్న పిల్లవాడి దుప్పటి తీసినట్టు నెమ్మదిగా విప్పాడు. ముదురు ఆకుపచ్చ రంగు. అక్కడక్కడా గీతలున్నాయి, వాటిని దాచలేదు.

"పిల్లలకు మ్యాపులో చూపించిన చోట్లన్నీ మనం చూడొద్దూ అని మా మేబెల్ పోరు పెడితే కొన్నామండి" అన్నాడు. "రోడ్డు లేని చోటికే ఎక్కువ తిరిగాం. ఆవిడ పక్కన కూర్చుని దారి చెప్పేది. ఆవిడ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. నన్నేమో డాక్టరు స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. మీరే నడిపి చూసుకోండి ఉస్తాద్‌గారూ."

బాపు స్క్రూడ్రైవర్ సంచిలోంచి తీయనే లేదు. స్టార్ట్ చేసి, ఒక్క క్షణం విని, గేరు వేశాడు. జెరెమియా గారు ముందు, నేను వెనక. వాళ్ల ఇంటి వెనక కొంత దూరంలో రాళ్ల గుట్ట ఉంది, దాని మీదికి బాట లేదు. బాపు చిన్న లివర్ లాగి బండిని దాని మీదికి మలిపాడు. నేను ముందు సీటును గట్టిగా పట్టుకున్నాను. బండి మాత్రం మెట్లెక్కుతున్న మనిషిలాగా ఒక్కొక్క రాయి పట్టుకొని ఎక్కింది. గేర్లు మారుతున్న సంగతి కూడా తెలియలేదు. అద్దంలో బాపు మొహం కనిపించింది. పెదవి కొస కదిలింది. నవ్వుతున్నాడు! నలభై ఏళ్ల పనివాడు, మంచి బండి చేతిలోకి వస్తే నవ్వక ఏం చేస్తాడు? హమ్మయ్య, దొరికింది అనుకున్నాను.

గుట్ట పైన ఆపాడు. జెరెమియా గారు సంతోషంగా, "ముందు ఎక్కడికి తీసుకెళ్దామని?" అని అడిగాడు.

బాపు నవ్వు ఆగిపోయింది. స్టీరింగ్ మీద చేతుల్ని చూసుకున్నాడు. "గేర్‌బాక్స్ పోయింది సార్. పళ్లు అరిగినయి. వద్దు" అన్నాడు.

జెరెమియా గారి మొహం ఎర్రబడింది. దిగేటప్పుడు బాపు ఆయన చేతులు రెండూ పట్టుకొని, "మాఫ్ చెయ్యండి సార్" అన్నాడు. అమ్మేవాడిని మాఫీ అడగడం నేనెన్నడూ చూడలేదు. వద్దనడానికి కారణం చెప్పడం కూడా ఎన్నడూ చూడలేదు. నా బతుకులో మా బాపు అబద్ధం ఆడగా విన్నది అదే మొదలు, అందుకే అంత తొందరగా దొరికిపోయాడు.

బస్ స్టాప్‌లో మేమిద్దరమే ఉన్నాం. మధ్యాహ్నం రెండు గంటల ఎండ. 

"గేర్‌బాక్స్‌కు ఏమైంది బాపు?"

ఆయన బస్సు వచ్చే వైపు తిరిగాడు.

"నాకు బండి తెల్వది. నువ్వు తెలుసు. పైసలకా? నేను లోన్ పెడ్తా అన్న గదా. అమ్మ అక్కడ బొంత కుట్టుకుంట కూసుంటే నువ్వు నకరాలు చేస్తున్నవ్. నీకు కొడుకు దొరకాలని లేదా?"

"బండి ఇంటికొస్తే మీ అమ్మ ఎక్కి కూసుంటది రజితా" అన్నాడు. "యాడికని తోలాలె నేను?"

"గూడేలకు! ఇంకెక్కడికి?"

బాపు కండువాతో మొహం తుడుచుకొని, దాన్ని అలాగే మొహం మీద పెట్టుకున్నాడు. గుడ్డలోంచే మాట వచ్చింది. "ఆ దినం చూపిచ్చింది... వాన్నే."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా కాలేదనే అనుకున్నాను. ఆయన ఆగి ఆగి చెప్పాడు.

"మొఖం లేదు బిడ్డా. చేతికి కడెం ఉంది. బేరింగ్ రింగు కోసి నేనే చేసిచ్చిన కడెం. గుర్తు పట్టిన. గప్పుడే మీ అమ్మ ఫోన్. మనోడు కాదు గదా, కాదు గదా అని ఒక్కటే తీరు అడుగుతాంది. కాదన్న. ఆమెకే చెప్పిన. పక్కకు పోలీసాయన నిలవడి ఉండె. 'కాదంటున్నడు' అని రాసుకున్నడు. నేను సార్ అందామని నోరు తెరిచిన. రాలేదు. మళ్ల మీ అమ్మ ఫోన్ల ఏడ్సుకుంట నవ్వుతాంది."

"మరి వాన్ని?"

"పంచాయతోళ్లు పాతిపెట్టిన్రు. ఎవలు లేరని."

"నువ్వు చూసినవా?"

"దూరంకెళ్లి. కాదన్నోడు దగ్గర నిలవడితే బాగుండదు గదా."

నేను తిన్న కొబ్బరి ముక్క గుర్తొచ్చింది. రోడ్డు పక్కన కూర్చొని కక్కుకున్నాను. బాపు నా వీపు రాయబోతే చెయ్యి విసిరికొట్టాను. నువ్వు మనిషివేనా అన్నాను. అయినోడు ఉండంగ అనాథ శవం చేసినవు అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను, అవి ఇక్కడ రాయలేను. ఆయన అన్నీ విన్నాడు. ఇంటికొచ్చినాక చెప్పవచ్చు కదా అని అడిగితే, "చెబ్దామనే వచ్చిన. కాయ పట్టుకొని గడపల నిలవడ్డది" అన్నాడు. ఇప్పుడు చెప్పు, నువ్వు చెప్పకపోతే నేను చెప్తానంటే నా కాళ్లు పట్టుకోబోయాడు. "జెర వానలు పడనీ బిడ్డా. బాటలు బందైతే ఆమెనే మెత్తవడ్తది. గప్పుడు మెల్లగ చెప్త."

చెప్పొద్దూ, నేను ఒప్పుకున్నాను. ఆయన మీద జాలితో కాదు. అమ్మకు చెప్పే నోరు నాకూ లేదు కనుక. ఆనాటి నుంచి ఫోన్‌లో మంచి బండి కనిపిస్తే అమ్మ చూడకముందే తీసేసేదాన్ని. డొక్కు బండ్లు ఏరి ఏరి చూపించేదాన్ని. "ఈ యేడు మార్కెట్ మంచిగ లేదమ్మా" అని కూడా అన్నాను. పొద్దున లేచి మబ్బుల కోసం చూసేదాన్ని. తమ్ముడి కోసం ఒక్కసారి గట్టిగా ఏడుద్దామంటే ఇంట్లో చోటు లేదు. డ్యూటీలో బిల్లులు కొడుతూ కొడుతూ లేచి బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పుకొని ఏడ్చేదాన్ని.

మృగశిర కార్తె నాడు గల్లీలో అన్ని ఇళ్లలోనూ చేపల పులుసు వాసన. మా ఇంట్లో పప్పు. కిషన్ వచ్చాకే చేపలు అంది అమ్మ. నేను స్నానానికి పోయినప్పుడు నా ఫోన్ మోగితే ఆమె ఎత్తింది. జెరెమియా గారు. మనసొప్పక ఇంకో మెకానిక్‌ను పిలిపించి బండి చూపించాడట. గేర్‌బాక్స్ నిక్షేపంలా ఉందట. మీరింకా వెతుకుతుంటే మరోసారి రండమ్మా అన్నాడు.

నేను తల తుడుచుకుంటూ వచ్చేసరికి అమ్మ, బాపు ఎదురెదురుగా కూర్చొని ఉన్నారు. మధ్యలో అన్నం గిన్నె.

"గేర్‌బాక్స్ మంచిగుందట" అంది అమ్మ. "ఎందుకాడినవయ్యా అబద్ధం?"

బాపు నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఇక తప్పదని ఆయనకూ తెలిసింది. బస్ స్టాప్‌లో నాకు చెప్పినట్టే చెప్పాడు. వాడే అన్నాడు, కడెం సంగతి అన్నాడు, ఫోన్ సంగతి అన్నాడు. చెప్పి, రెండు చేతులూ నేలకు ఆనించి తల వంచాడు. అమ్మ గుండె బాదుకుంటుందని, పడిపోతుందని, పట్టుకోవాలని నేను దగ్గరికి జరిగాను.

అమ్మ కదల్లేదు. "అయిందా?" అంది.

"విమలా..."

"గా దినం గేర్‌బాక్స్ పోయిందన్నవ్. ఇయ్యాల కొడుకు పోయిండంటున్నవ్. రేపు ఏం పోతదయ్యా?"

"నీ మీద ఒట్టు. కడెం నేను చేసిందే."

"ఈ గల్లీల ఎంతమంది పోరగాండ్లకు చేసియ్యలేదు నువ్వు కడేలు? షెడ్డుకొచ్చిన ప్రతోనికి ఇచ్చినవ్. ఏ పోరడో తొడుక్కున్నడు." ఆమె గొంతు మామూలుగానే ఉంది, అందుకే నాకు భయం వేసింది. "బండి కొనుడు ఇష్టం లేకుంటే లేదని చెప్పు. గంతకోసం కన్నకొడుకును సంపుతవా?"

"అమ్మా, బాపు చెప్పేది నిజమే" అన్నాను.

"నీకెప్పుడు చెప్పిండు?"

"మూడు వారాలైంది."

"మూడు వారాలు!" అని నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. "తమ్ముడు సచ్చిండని తెలిసి మూడు వారాలు అన్నం తిన్నవ్, తల దువ్వుకున్నవ్, డ్యూటీకి పోయినవ్? గది నిజమైతే నీతోని అయితుండెనా? నీకు సుత తెలుసు అబద్ధమని."

ఏం చెప్పను? కుళాయి తిప్పుకొని ఏడ్చానని చెప్పనా? అమ్మ అన్నం గిన్నె మీద మూత పెట్టి లేచింది. "నలభై ఏండ్లు మంది బండ్లకు నిజం చెప్పినవ్. మన బండి కాడికొచ్చేసరికి నోరు పాడైంది నీది" అని లోపలికి పోయింది. కాసేపటికి సూది దారం తీసుకొని బొంత దగ్గర కూర్చుంది. బాపు గోడకు ఆనుకొని సాయంత్రం దాకా అలాగే ఉన్నాడు. నిజం చెప్పిన మనిషి మొహంలో కాస్తయినా తేలిక కనిపిస్తుందంటారు. అదంతా వట్టిది.

నాలుగో రోజు ఆకుపచ్చ బండి మా గల్లీలోకి వచ్చింది. పక్కింటాయన నడుపుతుంటే జెరెమియా గారు పక్క సీట్లో కూర్చొని వచ్చాడు. అమ్మ మెడలో బంగారు గుండ్లు లేవు, ఉత్త పసుపుతాడు ఉంది. ఎప్పుడు పోయి అమ్మిందో, ఎవరిని వెంట తీసుకుపోయిందో మాకెవరికీ తెలియదు. జెరెమియా గారు బండి మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకొని చిన్నగా ప్రార్థన చేశాడు. "మీ అబ్బాయిని ప్రభువు కాపాడుతున్నాడమ్మా, తప్పకుండా దొరుకుతాడు" అన్నాడు. బాపు ఆ మాట వింటూ నిలబడ్డాడు.

అమ్మ తాళం చెవి బాపు ముందు పట్టుకుంది. "నువ్వు తోల్తవా, డ్రైవర్‌ను మాట్లాడాల్నా?"

ఆయన తీసుకున్నాడు.

మర్నాడు తెల్లవారుతుండగా బయల్దేరాం. వెనక ట్రాలీలో బొంత పరిచి, తడవకుండా పైన ప్లాస్టిక్ పట్టా కట్టింది అమ్మ. టిఫిన్ డబ్బాలో పులిహోర, వాడికని వేరే డబ్బాలో పెట్టిన పూరీలు. కిషన్ ఫోటోలు యాభై కాపీలు తీయించింది. "నువ్వు సుత రా బిడ్డా, నా ఒక్కనితోని కాదు" అన్నాడు బాపు నాతో. ఆ మాట నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. శ్రీశైలం రోడ్డు మీద అమ్మ దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. ఏ గూడెం ముందు, ఏది తర్వాత, వాడు గుర్తుపట్టకపోతే ఏం చెప్పాలి. అన్నీ మాట్లాడింది. నాకు మధ్యలో, దేవుడా, ఒకవేళ ఆ కడెం ఇంకెవరిదైనా అయితే అని ఆశ పుట్టింది. సిగ్గు లేని ఆశ. అమ్మ నుంచి అంటుకున్నట్టుంది.

అడవి చెక్‌పోస్టుకు ఇంకా దూరం ఉండగానే ఒక చిన్న ఊరు దాటాక బాపు బండిని కుడికి తిప్పాడు. తారు రోడ్డు అయిపోయింది. ముందు రోజు కురిసిన వానకు ఎర్రమట్టి బురదబురదగా ఉంది. కొంత దూరం పోయాక చక్రాలు కూరుకుపోయి గిర్రున తిరిగాయి. బాపు చిన్న లివర్ లాగాడు. బండి ఒక్కసారి వణికి, బురదలోంచి లేచి ముందుకు కదిలింది.

"సూసినవా!" అంది అమ్మ సంబరంగా, నా మోకాలు తట్టి. "గా జీపోడైతే ఈడ్నే ఆపుతుండె. నా కొడుకు సూడాలె గిది, ఎగిరి గంతేస్తడు."

ఇంకో రెండు మలుపులు తిరిగి, తుమ్మచెట్లు దాటాక బండి ఆగింది. బాపు ఇంజన్ ఆపేశాడు. సన్నగా తుంపర పడుతోంది. అమ్మ ఫోటోల సంచి భుజానికి వేసుకొని, ఒక ఫోటో చేత పట్టుకొని దిగింది. కొంగు నెత్తి మీదికి లాక్కుంది. గుడిసెల కోసం అటూ ఇటూ చూసింది.

"గీ గూడెం పేరేందయ్యా?"

బాపు చెప్పులు విప్పి బండి పక్కన పెట్టాడు. గడ్డిలో ఏడెనిమిది మట్టి కుప్పలున్నాయి, వానకు కుంగిపోయి. ఒకదాని మీదా రాయి లేదు, పేరు లేదు. ఆయన బురదలో కాళ్లు దిగబడుతుండగా నడిచి, చివరి నుంచి మూడోదాని దగ్గర ఆగాడు. ఈసారి దగ్గరగా నిలబడ్డాడు. కూర్చున్నాడు. రెండు అరచేతులూ ఆ మట్టి మీద పెట్టాడు.

నేను అమ్మ చెయ్యి పట్టుకోబోయాను. విడిపించుకుంది. ఆయన వీపు వైపే చూస్తూ ఉంది. చేతిలో ఫోటో మీద చినుకులు పడుతుంటే దాన్ని కొంగు కిందికి లాక్కుని రొమ్ముకు అదుముకుంది.

"పేరేందయ్యా?" అని మళ్లీ అడిగింది. బాపుకు వినపడనంత మెల్లగా అడిగింది.